మన దస్త్రములు - మన తాళపుచెవి

పూర్వము ప్రతి గృహమునను ఒక భోషాణపు పెట్టె యుండెడిది. భూమి కాగితములు, శిస్తు రశీదులు, పెండ్లి శుభలేఖలు, దూరదేశమున నున్న కుమారుడు వ్రాసిన యుత్తరములు, పిల్లల యోగ్యతాపత్రములు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు అందు బట్టలో చుట్టి భద్రపరుపబడి యుండెడివి. ఆ పెట్టె తాళపుచెవి ఇంటి యిల్లాలి కొంగున నుండెడిది. నేడు ఆ పెట్టెకు బదులుగా స్మార్టుఫోను వచ్చినది. ఉత్తరములును, చిత్రములును, రశీదులును, బ్యాంకు లెక్కలును, పిల్లల మార్కులును అన్నియు దానిలోనే యున్నవి. పెట్టె చిన్నదైనది, చేతిలో నిముడుచున్నది. కాని తాళపుచెవి మాత్రము మన కొంగున లేదు. అది పెక్కు సందర్భములలో మనమెన్నడును చూడని సంస్థల యొద్ద నున్నది.

ఈ విషయమున మా యభిప్రాయము మూడు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, మన విద్యార్థులకు కంప్యూటరు విద్య స్వేచ్ఛా సాఫ్టువేరుతో గరపవలెను. రెండవది, ప్రతి కుటుంబమును తన దస్త్రములకు ఒక ప్రతిని తన యింటనే యుంచుకొనవలెను. మూడవది, ఇంటింటను సొంత సర్వరు నెలకొల్పుట మంచిదే యైనను అందరికిని సాధ్యము కాదు గనుక, ఆ పనిని పాఠశాల వంటి సంస్థలు ఉమ్మడిగా పూనుకొనవలెను. ఈ మూడింటిలో తుదిదానిని గూర్చి యువకులకు ఉత్సాహ మధికము. రెండవదానిని గూర్చి యెవ్వరికిని శ్రద్ధ లేదు. ఈ క్రమము తలక్రిందులుగా నున్నదని మా భావము.

మన పూర్వుల గ్రంథములు మనకెట్లు దక్కినవో యోచింపుడు. తాటాకును చెదలు తినును, అగ్ని దహించును, వరద కొనిపోవును. అయినను ఒక యూరి ప్రతి నశించినప్పుడు వేరొక యూరి ప్రతి నిలిచెను. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను, వ్రాయసగాండ్రను సొంత ధనముతో నియమించి, పలు తావుల నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన పని నెరవేరుటకు రెండు కారణములు గలవు. ప్రతులు ఒక్కచోట గాక పెక్కుచోట్ల నుండెను, ఇది మొదటిది. ఆ ప్రతులను చదువుటకు అక్షరజ్ఞానము దక్క వేరెవ్వరి యనుమతియు అక్కరలేకుండెను; ఇది రెండవది. ఏ దస్త్రమైనను నిలుచుటకు ఈ రెండు గుణములును వలయును. నేటి దస్త్రములను ఈ రెండు గుణములచేతనే పరీక్షింపవలెనని మా యభిప్రాయము.

రెండవ గుణము లోపించిన నేమగునో తెలుగువారికి అనుభవమే. యూనికోడు ప్రచారము లోనికి రాకమునుపు, తెలుగు పత్రికలును, అచ్చు పనివారును తమతమ ఫాంటులతో అక్షరములు కూర్చెడివారు. ఆ ఫాంటు మన కంప్యూటరులో నుండిన తెలుగు కనబడును; లేనిచో ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా గోచరించును. అట్లు కూర్చబడిన పుస్తకములు, సంచికలు ఎన్నియో ఫైలు రూపమున భద్రముగానే యున్నను, చదువబోయిన అర్థము గాని స్థితిలో నున్నవి. ఈ చిక్కును కొంతవరకు విప్పినది 'పద్మ' అను స్వేచ్ఛా సాఫ్టువేరు. అట్టి ఫాంటుల పేజీలను యూనికోడు తెలుగులోనికి మార్చు నీ సాధనమును రచించినవారు వెన్న నాగార్జున గారు. 2003వ సంవత్సరము డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినవారును వారే. ఇందు మనకొక ఆచరణయోగ్యమైన పాఠము గలదు. పాఠశాల సంచికను గాని, కుటుంబ చరిత్రను గాని డీటీపీ చేయించునప్పుడు అచ్చుప్రతితో తృప్తి నొందక, దాని యూనికోడు ప్రతిని గూడ అడిగి తీసికొనవలెను. అప్పుడే పాతికేండ్ల తరువాతను దానిని వెదకుటకును చదువుటకును వీలగును.

ఇక స్వేచ్ఛా సాఫ్టువేరన నేమి? అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ పరిశోధనాలయమున రిచర్డు స్టాల్మను అను నాయన పని చేయుచుండెను. అచ్చటి ప్రింటరులో కాగితము చిక్కుకొనుచుండగా, దానిని నడుపు సాఫ్టువేరును సవరింపదలచి మూలసంకేతమును కోరగా, అది యాయనకు లభింపలేదు. ఇట్టి యనుభవములచే నాయన 1983వ సంవత్సరము సెప్టెంబరులో 'గ్నూ' అను ప్రయత్నమును ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ అను సంస్థను స్థాపించెను. సాఫ్టువేరును వాడువారికి నాలుగు స్వేచ్ఛలుండవలెనని యాయన సిద్ధాంతము: ఏ పనికైనను దానిని నడుపు స్వేచ్ఛ, అదెట్లు పని చేయునో చదివి మార్చుకొను స్వేచ్ఛ, ప్రతులను పొరుగువారికి పంచు స్వేచ్ఛ, తాను చేసిన సవరణలను లోకమునకిచ్చు స్వేచ్ఛ. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 యేండ్ల లినస్ టోర్వాల్డ్సు, 'లినక్సు' అను కెర్నెలును వ్రాసి ప్రకటించెను. మరుసటి యేడు దానిని గ్నూ వారి లైసెన్సు క్రిందకు తెచ్చెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులన్నింటికిని అడుగున నున్నది ఆ లినక్సే.

ఆంగ్లమున ఒకే మాట వెల లేకుండుటకును, కట్టుబాటు లేకుండుటకును చెల్లుచుండుటచే వారి దేశమున నిత్యము వివాదము గలుగుచున్నది. మన భాషకు ఆ యిబ్బంది లేదు. 'ఉచితము' వేరు, 'స్వేచ్ఛ' వేరు. నేడు ఫోనులో వెల లేక లభించు యాప్‌లలో పెక్కు ఉచితములే కాని స్వేచ్ఛ గలవి కావు. వానికి మనము రూకలతో వెల చెల్లింపము. మన చిరునామా, మన స్నేహితుల పట్టిక, మనము తిరిగిన దారులు, మన వేళలు, వీనితో చెల్లింతుము. స్వేచ్ఛా సాఫ్టువేరు సామాన్యముగా ఉచితముగానే లభించును; కాని దాని ఘనత డబ్బు మిగులుటలో లేదు. నచ్చనినాడు మన దస్త్రములతో సహా బయటికి రాగలుగుటలో నున్నది. దానిని ధర్మసత్రముగా నెంచువారు సగమే గ్రహించిరి.

పాఠశాలలో దీనిని బోధింపవలెనని మేమనుటకు ముఖ్యకారణము ఇది విద్యార్థుల చేతి పని యగుటయే. టోర్వాల్డ్సు విద్యార్థి. లోకమున నెల్లరు చలనచిత్రములు చూచుటకు వాడు వీ.ఎల్.సీ. అను సాధనము 1996లో పారిసు నగరమునకు చెందిన ఎకోల్ సెంట్రాల్ కళాశాల విద్యార్థుల ప్రయత్నముగా మొదలై, 2001లో స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడెను. కేరళ రాష్ట్రము 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' అను పథకమును ప్రారంభించి, క్రమముగా ప్రభుత్వ పాఠశాలలలో గ్నూ-లినక్సును ప్రవేశపెట్టెను. 2017 నుండి ఆ పని 'కైట్' అను సంస్థ చేతుల మీదుగా జరుగుచున్నది. అచ్చటి పల్లె బాలురకు సాధ్యమైనది మన బాలురకు అసాధ్యమేల? మన యొద్దను పని జరుగకపోలేదు. హైదరాబాదున 'స్వేచ్ఛ' అను సంస్థ ఈ భావములను విద్యార్థులలో వ్యాపింపజేయుచున్నది. సిలికానాంధ్ర వారు మండలి, పొన్నాల, సూరన్న మొదలగు తెలుగు ఫాంటులను ఎల్లరును వాడుకొను లైసెన్సుతో వెలువరించిరి. ఈ పేర్లు మన పిల్లలకు తెలిసియుండుట మేలు.

మూసిన పెట్టెను వాడుట నేర్చినవాడు ఆ పెట్టె నమ్మువానికి ఖాతాదారు డగును. తెరచి చూచుట నేర్చినవాడు పనివాడగును. కుట్టుమిషను నేర్పునప్పుడు సూది యెట్లు కదలునో చూపకుండ నేర్పు గురువెవడు? కంప్యూటరు విషయమున మాత్రము మనము అట్లే నేర్పుచున్నాము. ఏ బొమ్మను నొక్కవలెనో చెప్పుచున్నాము; నొక్కినప్పుడు లోపల నేమి జరుగునో చెప్పుట లేదు. స్వేచ్ఛా సాఫ్టువేరున్న చోట ఆ ప్రశ్న నడిగిన పిల్లవానికి జవాబు చూపవచ్చును. చదువగల శక్తి యిప్పుడు లేకపోయినను, చదువుటకు వీలున్నదను నెరుక బాలుని బుద్ధిని మార్చును.

పాత కంప్యూటరుల మాటయు ఇచ్చట చెప్పవలసియున్నది. విండోసు 10కి ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగిసినవి. విండోసు 11 నడుచుటకు టీ.పీ.ఎం. 2.0 అను భద్రతా చిప్పు, 4 జీబీల మెమొరీ, 64 జీబీల నిల్వస్థలము కావలెను. ఈ కారణమున చక్కగా పని చేయుచున్న యంత్రములు ఎన్నియో పాత సామానుల వాని త్రాసునకెక్కుచున్నవి. అమ్ముటకు ముందు వానిలో డెబియను గాని, లినక్సు మింటు గాని ఎక్కించి చూడుడు. దానిని పెన్‌డ్రైవులో నెక్కించి, కంప్యూటరులోని దేనిని చెరుపకయే ముందుగా నడిపి చూచుకొనవచ్చును. తెర, శబ్దము, వైఫై, ప్రింటరు పని చేయుచున్నవని నిశ్చయమైన పిదపనే స్థిరముగా ఎక్కించుకొనవచ్చును. వ్రాతపనికి లిబ్రే ఆఫీసు గలదు. అందలి ఓపెన్ డాక్యుమెంటు ఫైలు 2006 నుండి అంతర్జాతీయ ప్రమాణము. రేపు లిబ్రే ఆఫీసు లేకపోయినను దానిని చదువు సాధనమును మరియొకరు నిర్మింపగలరు. ఇదియే మేము చెప్పిన రెండవ గుణము.

ఫోను విషయమున కొన్ని హితవులు. క్రొత్త యాప్ నెక్కించునప్పుడు అది యే యనుమతుల నడుగుచున్నదో చదువుడు. దీపము వెలిగించు యాప్‌నకు మీ బంధువుల ఫోను నంబరులతో నేమి పని? సెట్టింగులలో అనుమతుల పట్టిక యున్నది. నెలకొకసారి దానిని చూచి, అక్కరలేనివానిని ఉపసంహరింపుడు. 2010 నుండి నడుచుచున్న ఎఫ్-డ్రాయిడ్ అను భాండారమున కేవలము స్వేచ్ఛా సాఫ్టువేరు యాప్‌లే లభించును. దాని నుండి ఒకటి రెండు సాధనములు వాడి చూడుడు. తెలుగు వ్రాతకు ఇండిక్ కీబోర్డు గలదు. పాస్‌వర్డులను దాచుటకు ఫోనులో కీపాస్-డీ.ఎక్స్., కంప్యూటరులో కీపాస్-ఎక్స్.సీ. కలవు, రెండును ఒకే ఫైలును చదువగలవు. ఒకే పాస్‌వర్డును బ్యాంకునకును, ఆటలకును వాడుట ఇంటి తాళపుచెవిని వీధి యంగడిలో వ్రేలాడదీయుటయే.

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక అవసరము. స్వేచ్ఛ యన ఎవ్వరు పంపినదానినైనను ఎక్కించుకొనుట కాదు. పెండ్లి శుభలేఖ యనియు, బండి చలానా యనియు, బ్యాంకు నోటీసనియు పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దానిని తాకినవారి ఓటీపీలను దొంగిలించి ఖాతాలు ఖాళీ చేయు మోసములు మన రాష్ట్రములలోను జరుగుచున్నవి. శుభలేఖ చిత్రముగా వచ్చును గాని యాప్‌గా రాదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలదియు ధనము చేయి మారిపోవును. ఇంట తాతగారికి, అమ్మమ్మగారికి ఈ సంగతి నెమ్మదిగా, వారి గౌరవమునకు భంగము రాకుండ చెప్పుట మనుమల విధి.

ఇక ప్రతుల మాట. "మా చిత్రములన్నియు కంపెనీవారి యొద్ద భద్రముగనే యున్నవి గదా" యని పెక్కుమంది యందురు. ఆ కంపెనీలు నేర్పుతోనే పని చేయుచున్నవి. వారి యంత్రములు మన యంత్రములకంటె దృఢములే. కాని వారి కరారు మన కుటుంబముతో చేసికొన్న వాగ్దానము కాదు. ఆర్కుటు అను స్నేహవేదిక 2004లో మొదలై, మన దేశమున పిల్లల మొదలు పెద్దల వరకు నెందరినో యాకర్షించి, 2014 సెప్టెంబరు 30న మూతబడెను. గూగుల్ ఫొటోసు 2015లో అపరిమితముగా చిత్రములు దాచుకొనవచ్చునని మొదలై, 2021 జూను 1 నుండి 15 జీబీల హద్దునకు లోబడెను. ఈ మార్పులు ముందుగా తెలిపియే చేయబడినవి. ఇందు మోసము లేదు. కాని తెలిపినది చదివి తమ సరకును దించుకొన్నవా రెందరు? ఫోను పోయి, పాత నంబరు మారి, పాస్‌వర్డు మరచి, ఖాతా తెరచుకొనక, బిడ్డ మొదటి యేటి చిత్రములన్నియు చేజారిన తల్లికి కంపెనీ యంత్రముల దృఢత్వము ఏ యోదార్పు నీయగలదు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

కావున ప్రతి కుటుంబమునకును మేము చేయు మనవి యిది. ఏటికి నాలుగు దినములు, పండుగ దినములైన మరపు రావు, ప్రతులు తీయుటకు నియమించుకొనుడు. అందులకు 3-2-1 అను సులభసూత్రము గలదు: మొత్తము మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, వానిలో ఒకటి వేరొక యింట. ఫోనులో నొకటి, బయటి హార్డుడిస్కులో నొకటి, మేనమామ గారి యింటనో, అక్కగారి యింటనో నొకటి. గూగుల్ వారి 'టేక్ఔట్' అను మార్గమున మన చిత్రములను, ఉత్తరములను మొత్తముగా దించుకొనవచ్చును. ఫోను నుండి కంప్యూటరునకు తనంత తానుగ ఫైళ్లను చేరవేయు 'సింక్‌థింగ్' అను స్వేచ్ఛా సాఫ్టువేరు గలదు. అయితే ఒక భేదమును గ్రహింపుడు: రెండుచోట్ల ఒకే తీరుగా నుంచుట ప్రతి తీయుట కాదు. ఒకచోట పొరబాటున చెరిపిన, రెండవచోటను అదే చెరిగిపోవును. వేరుగా తీసి, త్రాడు విప్పి, పెట్టెలో పెట్టినదే నిజమైన ప్రతి. మరియు, పెట్టిన ప్రతిని అప్పుడప్పుడు తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి పాతర వేసి మరచిన ధాన్యము వంటిది; అక్కరకు తవ్వినప్పుడు పుచ్చియుండవచ్చును.

ఇక సొంత సర్వరు. ఇది మాయ కాదు. ఎప్పుడును ఆరక, ఇతర యంత్రములు అడిగినదాని నందించు కంప్యూటరే సర్వరు. దానికి పెద్ద యంత్రము నక్కరలేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి నగరమునందు రూపొంది 2012లో విపణికి వచ్చిన రాస్ప్‌బెరీ పై అను అరచేతి యంత్రమే చిన్న కుటుంబమునకు చాలును. అది 5 వాట్ల చొప్పున రేయింబవళ్లు నడచినదనుకొన్న నెలకు 3.6 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. పాత డెస్కుటాపు 50 వాట్ల చొప్పున నడచిన 36 యూనిట్లగును. కావున పాత యంత్రము ఉచితముగా లభించినను, దాని కరెంటు బిల్లును గూడ లెక్కించుకొనవలెను. ఫైళ్లకు, క్యాలెండరునకు నెక్స్టుక్లౌడు, చిత్రములకు ఇమ్మిచ్, పాటలకు, చలనచిత్రములకు జెల్లీఫిన్ అను స్వేచ్ఛా సాఫ్టువేరులు సిద్ధముగా నున్నవి.

అయినను, అందరును వెంటనే సర్వరు పెట్టుడని మేము చెప్పము. సొంత సర్వరు సొంత బావి వంటిది. త్రవ్వుట ఒకనాటి పని. పూడిక తీయుట ఏటేటి పని. సవరణలు వచ్చినప్పుడెల్ల ఎక్కింపవలెను. డిస్కు పాడైన మార్పవలెను. కరెంటు పోయి వచ్చినప్పుడు లేచినదో లేదో చూడవలెను. ఊరంతయు ఒకే కుళాయి నీరు త్రాగుటలో ప్రమాద మున్నదన్నది సత్యమే. పూడిన బావి నీరు త్రాగుట అంతకంటె ప్రమాదము. మరియొక చిక్కు గలదు. పాత పద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లే గాన, కంపెనీలు పెక్కు గృహములను ఒకే చిరునామా వెనుక నుంచుచున్నవి. అట్టి యింటి సర్వరును బయటి నుండి చేరుట కష్టము. చేరుటకు వీలున్నను, రూటరులో ద్వారములను లోకమునకు తెరచియుంచుట దొంగలను పిలుచుటయే. మొదట సర్వరును ఇంటిలోపలి వాడుకకు మాత్రమే యుంచుడు. బయటి నుండి చేరుట అత్యవసరమైనచో, 2020లో లినక్సు కెర్నెలులో చేరిన వైర్‌గార్డు వంటి రహస్యమార్గము నేర్పరచుకొనుడు. అన్నింటికంటె ముఖ్యము, సర్వరు ప్రతి కాదు. సర్వరులోని దానికిని వేరొక ప్రతి యుండితీరవలెను. ప్రతి తీయుట అలవడని యింట సర్వరు పెట్టుట పునాది లేక మేడ కట్టుటయే.

మాకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. "మూలసంకేతము అందరికిని కనబడునప్పుడు దొంగలకును కనబడదా?" యని మొదటిది. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాఫ్టువేరులో 2012లో చొరబడిన 'హార్ట్‌బ్లీడ్' అను లోపము 2014 ఏప్రిలు వరకు బయటపడలేదు. తెరచి యున్నంత మాత్రమున చదువువారున్నట్లు కాదని అది నిరూపించెను. కాని 2024 మార్చిలో జరిగిన దానిని గూడ చూడుడు. 'ఎక్స్.జెడ్.' అను చిన్న సాధనమున, ఏండ్ల తరబడి నమ్మకము సంపాదించిన యొకడు దొంగద్వారమును పెట్టెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నింజనీరు, సర్వరులో ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమని శంకించి, వెదకి, దానిని పట్టుకొని లోకమునకు చాటెను. మూలము మూయబడియున్న అంత లోతునకు వెదకుట ఆయనకు సాధ్యమగునా? తెరచియుంచుట భద్రత కాదు. భద్రతకు వీలు కల్పించుట. ఆ వీలును వాడుకొను మనుష్యులు కావలెను. ఆ మనుష్యులను తయారుచేయుట పాఠశాలల పని.

"ఉద్యోగములలో వేరే సాఫ్టువేరు వాడుదురు గదా, పిల్లలు వెనుకబడరా?" యని తలిదండ్రుల ప్రశ్న. పట్టికలో మొత్తము కూడుట, ఉత్తరమును తీర్చి వ్రాయుట, ఫైలును క్రమముగా నుంచుట ఒకచోట నేర్చినవానికి మరియొకచోట పది దినములలో నలవడును. మరియు, లోకమున సర్వరులు మిక్కిలిగా లినక్సుపైననే నడుచుచున్నవి గాన, దానిని నేర్చుట ఉద్యోగమునకు అడ్డంకి గాక మెట్టగును. ఇట్లు చెప్పినను, ఇతర సాఫ్టువేరును చూడనే రాదని మేము నిషేధింపము. రెండును చూచినవాడే ఎంచుకొనగలడు.

మన పాఠశాల చేయదగిన పనులను ఇట్లు సూచించుచున్నాము. కంప్యూటరు గదిలోని యంత్రములలో సగమైనను లినక్సుతో నడుపవలెను. అందొక దానిలో 'కివిక్సు' అను సాధనమును ఎక్కించి, తెలుగు వికీపీడియాను దించియుంచిన, ఇంటర్నెట్టు లేని దినమునను విద్యార్థులు దానిని చదువుకొనవచ్చును. పల్లెల నుండి వచ్చు పిల్లలకు ఇది మహోపకారము. పాత వార్షిక సంచికలను స్కాను చేసి, యూనికోడు ప్రతులు సిద్ధము చేసి, పాఠశాల సర్వరులో నొకటి, గ్రంథాలయపు డిస్కులో నొకటి, వేరొక యూరి సంస్థలో నొకటి యుంచవలెను. ఎనిమిదవ తరగతి మొదలు ప్రతి విద్యార్థియు ఏటికొకసారి తన యింటి దస్త్రములకు ప్రతి తీసి, ఉపాధ్యాయులకు ఆ దస్త్రములను గాక, తీసిన విధమును మాత్రము వ్రాసి చూపవలెను. దీనికి మార్కులుండవలెను. పిల్లల చిత్రములను, వివరములను పాఠశాల యే సంస్థ యాప్‌నకిచ్చుచున్నదో తలిదండ్రులకు తెలుపవలెను. ఇది వారి హక్కు.

తలిదండ్రులకు మరియొక మనవి. ఇంటిలోని పాస్‌వర్డులన్నియు ఒక్కరికే తెలిసియుండుట మంచిది కాదు. ఆ యొక్కరికి జబ్బు చేసిన, దూరము పోయిన, కాలము చేసిన, దుఃఖములో నున్న యిల్లాలు బ్యాంకు కాగితము కొరకును, భర్త చిత్రము కొరకును ఫోను ముందు కూర్చుండి నాలుగంకెలు ఊహించుచుండవలసి వచ్చును. సర్వరు పెట్టిన యువకుడు ఉద్యోగమునకు పోయినప్పుడు ఆ యింటివారి స్థితియు నిట్టిదే. ముఖ్యమైన తాళపుచెవుల పట్టికను కాగితముపై చేతితో వ్రాసి, కవరులో ముద్ర వేసి, నమ్మకమైన చోట నుంచుడు. ఈ పనికి ఏ సాఫ్టువేరు నక్కరలేదు. భోషాణపు పెట్టె మిగిలియున్న దానిలోనే యుంచవచ్చును.

విద్యార్థులారా! యంత్రములు మారును, కంపెనీలు వచ్చును, పోవును, నేటి ఫోను రేపటికి పాత సామానగును. నిలువవలసినవి మీ యమ్మ కంఠస్వరము, మీ తాతగారి చేతివ్రాత, మీరు వ్రాసిన మొదటి వ్యాసము. పెక్కు ప్రతులుండవలెను; ఎవ్వరి యనుమతియు లేక చదువుటకు వీలుండవలెను. ఈ రెండు నియమములను మరువకుడు. ఈ సెలవులలోనే ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుండి, మొదటి ప్రతిని తీయుడు. సర్వరు తరువాత పెట్టుకొనవచ్చును.